ట్రిబ్యునల్‌కి వెళ్లే ముందు

చిరంజీవి అమ్మలూ,

పెద్దనాన్న ఆశీస్సులు. మాంచెస్టర్‌లో శరణార్థుల అప్పీళ్లు నడిపే ఆఫీసులో చేరావని మీ నాన్న చెప్పాడు, చాలా సంతోషం. ఇన్నేళ్లు ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ట్రిబ్యునల్ అంటే, బ్రిటన్ హోం శాఖ (హోం ఆఫీసు) శరణు కాదంటే ఆ అప్పీలు వినే కోర్టు. అక్కడ జడ్జి చివరికి తేల్చేది ఒకటే: ఈ మనిషిని వెనక్కి పంపితే రేపు ఏమవుతుంది? గతంలో తిన్న దెబ్బలు దానికి సాక్ష్యం. ఒక్క దెబ్బ కూడా పడకముందే పారిపోయి వచ్చినవాళ్లకీ శరణు దొరకవచ్చు. కాకపోతే 1951 శరణార్థుల అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఆ ముప్పుకి జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక వర్గంలో ఉండటం, వీటిలో ఏదో ఒకటి కారణం కావాలి. అదేమిటో నీ వాదన మొదటి పేజీలోనే చెప్పు.

1988లో శ్రీలంక తమిళుల కేసులో అప్పట్లో బ్రిటన్ అత్యున్నత కోర్టుగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ ఏమందంటే, ముప్పు కచ్చితంగా వస్తుందని రుజువు చేయనక్కర్లేదు, వచ్చే అవకాశం తగినంత ఉంటే చాలు. 2022 జూన్ 28 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకు లెక్క మారింది. ఆ మనిషికి నిజంగా ఆ భయం ఉందా, కారణం ఆ ఐదింటిలోదేనా అన్నది ఇప్పుడు సగానికి మించిన సంభావ్యతతో చూపాలి. ఆ మెట్టు దాటాక ముప్పు విషయంలో పాత కొలతే. ఈ రెండూ కలిపేసి వాదించకు.

ఎక్కువ కేసులు పోయేది తేదీల దగ్గరే. వచ్చిన కొత్తలో, నిద్రలేని కళ్లతో చెప్పిన నాలుగు మాటలకీ, తర్వాత పెద్ద ఇంటర్వ్యూలో చెప్పినదానికీ తేడా వస్తే హోం ఆఫీసు దాన్నే పట్టుకుంటుంది. ఇరాన్, అఫ్ఘానిస్తాన్ వాళ్ల సంవత్సరం మార్చిలో మొదలవుతుంది. ఇథియోపియా క్యాలెండర్ మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక, పైగా పదమూడు నెలలు. దుబాసీ తొందరలో ఒక నెల అటూ ఇటూ మారిస్తే అది అబద్ధంలా కనిపిస్తుంది. అందుకే ముందు వాళ్ల క్యాలెండర్‌లోనే రాసుకుని, తర్వాత నువ్వే మార్చి చూసుకో. దివిసీమలో మన పెద్దవాళ్లు ఏ సంగతైనా ఉప్పెనకి ముందా తర్వాతా అనే కదా చెబుతారు! అలాగే పంటలు, పండగలు, పిల్లల పుట్టుకలు అడిగి వరస కట్టు. గుర్తులేకపోతే గుర్తులేదనే రాయి. వాంగ్మూలానికి నువ్వు మెరుగులు దిద్దావో, క్రాస్ ఎగ్జామినేషన్‌లో నలిగిపోయేది ఆ మనిషే.

ఆలస్యంగా దరఖాస్తు పెట్టుకుంటే బ్రిటన్ 2004 శరణు చట్టం ప్రకారం అది విశ్వసనీయతకి దెబ్బ. సిగ్గువల్లో, దేశం దాటించిన ఏజెంట్ బెదిరింపువల్లో అయితే ఆ సంగతి వాంగ్మూలంలోనే ఉండాలి. ఒంటిమీద హింస మచ్చలుంటే ఇస్తాంబుల్ ప్రోటోకాల్ (హింస ఆనవాళ్లను నమోదు చేసే అంతర్జాతీయ పద్ధతి) ప్రకారం రాసే డాక్టర్ రిపోర్టు తెప్పించు. ఆ దేశం మీద కంట్రీ గైడెన్స్ తీర్పులుంటే (అక్కడి పరిస్థితిపై తర్వాతి కేసులకు దారి చూపేవి) ముందే చదువు.

ఇంకో మాట. "ఊరెళ్లి గుట్టుగా బతకొచ్చుగా" అని ఎవరైనా అంటే 2010లో ఇరాన్, కామెరూన్ స్వలింగ సంపర్కుల కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు చూపించు. భయంతోనే దాక్కోవాల్సి వస్తే ఆ మనిషికి రక్షణ దక్కాలని అది చెబుతోంది. నేను చదివిన తీర్పుల్లో ఇంత మానవత్వం ఉన్నవి తక్కువ.

ఓడిపోతే కుంగిపోకుండా కారణాలు చదువు. పై అప్పీలు వినే అప్పర్ ట్రిబ్యునల్‌కి వెళ్లాలంటే చట్టపరమైన తప్పు దొరకాలి, అనుమతి అడగడానికి ఉన్నది 14 రోజులే. తీర్పు అందిన రోజే క్లయింట్‌కి ఫోన్ చెయ్యి.

మీ పెద్దనాన్న