బీచ్‌లో బండికి సబ్బు లేకుండా చేతుల శుభ్రం

చిరంజీవి రమణకు మావయ్య ఆశీస్సులు.

ఆర్కే బీచ్‌లో ముంతకింద పప్పు బండి పెడుతున్నావని అమ్మ చెప్పింది. మంచిదే. కానీ ఇసుకలో సబ్బు బిళ్ల పనికిరాదురా, సాయంత్రానికి గరుకు కాగితంలా తయారవుతుంది.

దానికి బదులు లీటరున్నర బాటిల్‌లో 30 గ్రాముల బట్టల పొడి కలుపు. మూతకి సూదితో కన్నం పెట్టి, చేతిలో కాస్త పిండుకో. పక్కనే కుళాయి ఉన్న 20 లీటర్ల క్యాన్. సన్నటి ధారతో కడిగితే ఒక్కసారికి అరలీటరు చాలు, అంటే నలభై కడుగుళ్లు. మురికినీళ్లు బకెట్‌లో పట్టు. రాత్రి చేతులకి కొబ్బరినూనె రాసుకో, డిటర్జెంట్ చర్మాన్ని ఎండగడుతుంది.

పొడి పడకపోతే కుంకుడు రసం. పది కాయలు గింజ తీసి అరలీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిసికి వడకట్టు. ఉప్పబోరు నీళ్లలో కూడా నురగొస్తుంది. జిడ్డు వదిలిస్తుందంతే, క్రిముల్ని చంపే మందనుకోకు. మర్నాటికి పులిసిన వాసనొస్తే పారబోయి.

శానిటైజర్ కొంటే సీసా మీద ఆల్కహాల్ కనీసం 60 శాతం ఉందో లేదో చూడు. నూటికి నూరు శాతం స్పిరిట్ ఇంకా మంచిదనుకుంటారు, కాదు. కొంత నీరుంటేనే క్రిమిలోని ప్రొటీన్ చెడిపోతుంది. అరచేతి గుంట నిండా పోసుకుని, ఆరేదాకా 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి. ఉల్లిపాయ నీరు, నూనె, ఇసుక అంటిన చేతుల మీద అది సరిగా పనిచెయ్యదు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ కూడా దానికి అంతగా లొంగదు, దొడ్డికి వెళ్లొస్తే నీళ్లతో కడగాల్సిందే. పైగా నీ ముంతలో నిప్పులుంటాయి. తడి ఆరకుండా చెయ్యి దగ్గర పెడితే అంటుకుంటుంది, పట్టపగలు ఆ మంట కంటికి సరిగా కనపడదు కూడా.

బూడిద మాత్రం ఇంకేమీ దొరకనప్పుడే. కట్టెలదై ఉండాలి, జల్లించాలి. మట్టి వద్దు, నులిపురుగుల గుడ్లు ఉంటాయి. సముద్రపు నీళ్లూ వద్దు, గెడ్డల్లోంచి వచ్చే మురుగు అందులోనే కలుస్తుంది.

ఏది వాడినా బొటనవేలు, గోళ్ల సందులు వదిలేస్తారు. ఉల్లి తరుగు ఇరుక్కునేది అక్కడే. గోళ్లు పొట్టిగా కత్తిరించు. కడిగాక భుజమ్మీది తువ్వాలుతో తుడిస్తే పడ్డ కష్టమంతా పోయినట్టే, గాలికి ఆరనీ. నోట్లు తీసుకునే చెయ్యి పప్పు కలపకూడదు. తెగిన వేలుకి ప్లాస్టర్ వేసి, పైన గ్లౌజు తొడుక్కో.

డిటర్జెంట్ బాటిల్ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టు. మంచినీళ్లనుకుని పిల్లలెవరైనా ఎత్తి తాగేస్తారు.

మీ మావయ్య