పందెంల కాలు విరిగితే జిమ్మేదారి ఎవరిది?

పశువుల డాక్టర్‌ని అడగండి

ప్రశ్న: డాక్టర్ సాబ్, మాది గద్వాల దగ్గర పల్లె. పోయిన నెల జాతరల మా బావ గిత్తలు బండలాగుడుకు పోయినయ్, పది నిమిషాలు కాకముందే ఎడమపక్క గిత్త ముంగాలు మడతబడి కూలబడ్డది. ఇప్పుడు మూడు కాళ్ల మీద కుంటుకుంట కొట్టంల ఉన్నది. కమిటోళ్లు నువ్వు సంతకం పెట్టినవ్ మాకు జిమ్మేదారి లేదన్నరు, తోలినోడు బండ బరువెక్కువైందంటడు, బావేమో తోలినోన్ని తిడుతున్నడు. హైదరాబాద్ మలక్‌పేట రేసులల్ల గుర్రాలకు గిట్ల అయితే ఎవరు చూస్కుంటరు? వాటికో న్యాయం మన ఎద్దులకో న్యాయమా?

జవాబు: తమ్మీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. ముగ్గురి మాటలు రాసినవ్ గని గిత్తను కాడికి కట్టకముందు దాని కాలు ఎవరు పట్టి చూసిన్రో ఒక్క ముక్క రాయలేదు, నాకు కావల్సింది అదే.

ముందుగాల చట్టం సంగతి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంల 3వ సెక్షన్ ఏమంటదంటే పశువు ఎవరి చేతుల ఉంటే వాళ్లే దాన్ని బాధ కలగకుండ చూస్కోవాలె, అంటే యజమాని ఒక్కడే కాదు ఆ పూట తోలినోడు గూడ. 11వ సెక్షన్ కింద కొట్టుడు, మోయలేనంత బరువు పెట్టుడు, గాయమున్న పశువుతోని పని చేయించుడు అన్నీ నేరమే, యజమాని సరిగ్గ చూస్కోకపోతే ఆయన గూడ నేరం చేసినట్టే లెక్క. నువ్వు పెట్టిన సంతకం మనుషుల నడుమ పైసల ఒప్పందం, దాంతోని ఈ చట్టం రద్దు కాదు. కాకపోతే మొదటిసారి దొరికితే జరిమానా 10 నుంచి 50 రూపాయలే, ఎన్నో ఏండ్ల కింద పెట్టిందే ఇప్పటికీ నడుస్తున్నది, ఇది మారాలెనని నేను ఎన్ని మీటింగులల్ల చెప్పిన్నో.

ఇగ గుర్రాలకో న్యాయమా అన్నవ్. 2011 జులై 11న కేంద్రం ఎద్దును గూడ ప్రదర్శనలకు వాడొద్దన్న లిస్టుల చేర్చింది, పులి, సింహం, ఎలుగుబంటి, కోతి సరసన. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎడ్లబండి పందాలు చెల్లవన్నది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ఈ చట్టానికి తమ సవరణలు చేసుకుంటే 2023 మే 18న ఐదుగురు జడ్జీల బెంచి వాటిని ఒప్పుకున్నది, అవి ఆ రాష్ట్రాల వరకే. గుర్రం ఆ లిస్టుల లేదు, రిజిస్టర్ చేయించి పరుగెత్తించొచ్చు. గుర్రప్పందెం జూదం కాదు నైపుణ్యమని 1996ల సుప్రీంకోర్టు చెప్పిన మాట పైసల గురించి, గుర్రం కాలు గురించి కాదు. 3, 11 సెక్షన్లు గుర్రానికి గూడ అంతే వర్తిస్తయి. రేసు కోర్టుల డాక్టర్లు, అంబులెన్సు, విచారణ చేసే స్టివార్డులు ఉంటరు, మన జాతరల మైకు ఉంటది, బహుమతి ఉంటది, డాక్టర్ ఉండడు.

అన్నీ ఉన్నకాడ గూడ జిమ్మేదారి తేలుడు అల్కగ కాదు. అమెరికాల సాంటా అనిటా రేసు కోర్టుల 2018 డిసెంబర్ చివరి నుంచి 2019 జూన్ దాకా 30 గుర్రాలు సచ్చిపోయినయ్. జిల్లా అటార్నీ విచారణ చేస్తే క్రిమినల్ కేసు పెట్టేటంత సాక్ష్యం దొరకలే. గని సచ్చినవాటిని కోసి చూసిన డాక్టర్లకు చాలా గుర్రాలల్ల విరిగినకాడ్నే పాత దెబ్బ ఆనవాళ్లు కనబడ్డయ్, అంటే ఆ బొక్క ఆ రోజు విరిగింది గని చెడుడు ఎన్నో వారాల ముందే మొదలైంది. రోజూ గట్టిగ ఉరికిస్తే బొక్కల సన్నసన్న పగుళ్లు వస్తయి, రెస్టు ఇస్తే అతుక్కుంటయి, ఇయ్యకుండ నొప్పి సూది ఇచ్చి ఉరికిస్తే ఆ జీవికి ఆగాలెనని ఎట్ల తెల్వాలె?

ఇది నేను పుస్తకంల చదివి చెప్తలేను. సర్వీసుల చేరిన కొత్తల ఒక పెద్దమనిషి పోటీ ముందురోజు రాత్రి గిత్తను తీస్కొచ్చిండు, ముంగాలు గిట్ట పైన వేడిగ ఉన్నది, కొద్దిగ వాపు. ఒక్క సూది ఇయ్యి సార్ రేపటికి నిలబడితే చాలన్నడు. నేను ఇచ్చిన. తెల్లారి కాడి కిందనే ఆ కాలు పోయింది, ఆ గిత్త మళ్ల పొలం మొఖం చూడలే. ఆయన తప్పెంతో నాకు అక్కర్లేదు, ఆ సూది నాది. అప్పట్నించి పోటీ ముందు నొప్పి సూది ఎవరడిగినా ఇయ్యలే.

కాబట్టి బావను అడుగు, వారం పది రోజుల కింద కుంటిందా, ఎవరన్న సూది ఇచ్చిన్రా అని. కమిటీని అడుగు, డాక్టర్‌ను ఎందుకు పిలవలే, బండ తూకం ఎవరు చూసిన్రు అని. ఇగ గిత్తకు రేపే 1962కు ఫోన్ కొట్టి పశువుల అంబులెన్సును పిలిపియ్యి, బండల నేల మీద నిలబెట్టకు, ఇసుకనో గడ్డో మందంగ పరువు, కాడి మాట మళ్ల ఎత్తనియ్యకు.

ప్రశ్న: గుర్రానికి కాలు విరిగితే చంపేస్తరంట, కట్టు కడితే సరిపోదా? (ఇంటర్ విద్యార్థిని, మిర్యాలగూడ)

జవాబు: బిడ్డా, అన్నిసార్లు చంపరు, కొన్ని అతుక్కుంటయి. కష్టమెందుకంటే రేసు గుర్రం 450, 500 కిలోలుంటది, మోకాలు కింద కండ ఉండదు, బొక్క మీద నరాలు, తోలు అంతే, బొక్క ముక్కలై తోలు చీల్కొని బయటికొస్తే నెత్తురు సరిగ్గ అందక చీము పడ్తది. ఎద్దయితే పండుకొని కాలుకు రెస్టు ఇస్తది, గుర్రం ఎక్కువసేపు నిలబడే ఉంటది, బరువంతా మంచి కాళ్ల మీద పడి గిట్ట లోపల వాపొచ్చి అవి గూడ చెడిపోతయి. అమెరికాల బార్బరో అని పెద్ద రేసు గెలిచిన గుర్రం, 2006 మే 20న ఎనక కాలు విరిగింది. ప్లేటు, స్క్రూలు పెట్టి ఎనిమిది నెలలు చూస్కున్నరు, అయినా గిట్టలు పాడై నొప్పి తట్టుకోలేకపోతే 2007 జనవరి 29న దాన్ని శాశ్వతంగ నిద్రపుచ్చిన్రు.