ఆ ఒక్క కిలోమీటరు తారు రోడ్డు

చిరంజీవి చిన్నాకు మామయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోను చేసింది. కొత్త నాలుగు చక్రాల క్వాడ్ బైక్ మీద మట్టి ట్రాక్ దాకా తారు రోడ్డు మీదే వెళ్లి వస్తున్నావట. నీ స్నేహితుడు మట్టిలో నడిపే డర్ట్ బైక్ వేసుకుని వెనకాలే వస్తాడట. "వాడు నా మాట వినడు, నువ్వయినా చెప్పరా" అంది. నేను చెప్తే వింటావన్న నమ్మకం నాకూ పెద్దగా లేదు. నీ వయసులో నేనెవరి మాట విన్నాను కనుక! కానీ ముప్పై ఏళ్లుగా ఈ బళ్ల మీద పడుతూ లేస్తూ ఉన్నవాణ్ణి. పడ్డ చోట్లలో ఎక్కువ నొప్పి పెట్టినవి గుట్టలూ కావు, వాగులూ కావు.

"ఒక్క కిలోమీటరే కదా మామయ్యా, మెల్లగానే పోతాను" అంటావని తెలుసు. ఆ ఒక్క కిలోమీటరు గురించే ఈ ఉత్తరం.

నీది స్పోర్ట్ క్వాడ్. దాని వెనక భాగాన్ని జాకీ మీద ఎత్తి, న్యూట్రల్‌లో పెట్టి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పి చూడు. రెండోది కూడా దానితోపాటే తిరుగుతుంది. రెండింటినీ ఒకే ఇరుసుకు బిగించేశారు, కారులో ఉన్నట్టు, రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో లేదు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. ఒకే ఇరుసు మీద ఉన్నవి ఆ పని చేయలేవు గనుక రెండింట్లో ఒకటి జారి తీరాలి. మట్టిలో అది హాయిగా జారుతుంది, నీకు తెలియను కూడా తెలియదు. తారు మీద టైరు పట్టు వదలదు. అప్పుడు నువ్వు హ్యాండిల్ తిప్పినా బండి తిన్నగానే పోతూ ఉంటుంది. తిరగడం లేదని నువ్వు ఇంకాస్త తిప్పుతావు. అంతలో ముందు చక్రాలకు పట్టు దొరుకుతుంది, బండి ఒక్కసారిగా లోపలికి విరుచుకుని లోపలివైపు చక్రాలు గాలిలోకి లేస్తాయి.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. పెట్రోలు అయిపోవస్తోందని నేనూ ఒకసారి ట్రాక్ నుంచి తారు రోడ్డెక్కాను. వేగం గంటకు పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో. మలుపులో సరిగ్గా పైన చెప్పినట్టే జరిగింది. చక్రాలు లేవగానే బైకు అలవాటు కొద్దీ కాలు నేలకు పెట్టాను. వెనక చక్రం వచ్చి ఆ పిక్క మీదుగానే ఎక్కి దిగింది. క్వాడ్ మీద కాలు కింద పెట్టకూడదని అంతకు ముందు నేనే పదిమందికి చెప్పి ఉంటాను. నేను తారు మీద మోచేతులతో గీసుకుంటూ పోయి ఆగాను. బండి మాత్రం నాలుగు చక్రాల మీదా నిలబడి, ఏమీ ఎరగనట్టు టకటకమంటూ ఆడుతూనే ఉంది. ఆ సాయంత్రం మీ అత్తయ్య దీపం దగ్గర కూర్చుని, పట్టుకారుతో నా మోచేతిలోంచి రాతి నలుసులు ఒక్కొక్కటే తీస్తుంటే లెక్కపెట్టాను. పదిహేడు దాకా లెక్కపెట్టి మానేశాను.

టైర్ల సంగతి వేరే చెప్పాలి. క్వాడ్ టైర్లలో గాలి పది పీఎస్ఐ లోపే ఉంటుంది. కారు టైరులో ముప్పై చిల్లర. మెత్తగా ఉండి ఎగుడుదిగుళ్లకు ఒదిగిపోవాలనే అలా చేశారు. అంత మెత్తటి టైరు తారు మీద మలుపులో పక్కకు వంగుతుంది, బండి ఊగుతుంది. "అయితే గాలి ఎక్కువ కొడతాను" అంటావేమో, ఆ తెలివి నేనూ చూపించాను. టైరు నడుమ ఉబ్బి, నేలను తాకే భాగం ఇంకా తగ్గి, బండి బంతిలా ఎగిరింది.

నీ స్నేహితుడి డర్ట్ బైకుకూ తనవంటూ బాధలున్నాయి. ఆ టైరు మీది గుబ్బలు మట్టిలో దిగబడి పట్టుకోవడానికి పెట్టినవి. తారులోకి అవి దిగలేవు కదా, కొసల మీద నిలబడతాయి. బండి వాలితే పక్క గుబ్బలు వంగుతాయి, వంగి వంగి ఒక హద్దు దాటాక ఒక్కసారిగా వదిలేస్తాయి. రెండు మూడు వారాలు రోడ్డు మీద తిరిగిన టైరును ఒకసారి వేలితో తడిమి చూడమను. గుబ్బ అంచు గుండ్రంగా అరిగి, గుబ్బ మొదలు దగ్గర చిన్న చీలిక కనిపిస్తుంది. ఇక ఆ టైరు మట్టికీ పనికిరాదు. వాన పడితే, రోడ్డు మీది తెల్లగీతల పైన ఆ గుబ్బలకు పట్టనేదే ఉండదు. ట్రాక్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు టైరుకు అంటుకున్న బురద మరొకటి. మొదటి రెండు మూడు వందల మీటర్లు మీరు నడిపేది ఆ బురద మీదే. రాలిన ముద్ద వెనక వచ్చే స్కూటరువాడి చక్రం కింద పడుతుంది.

డర్ట్ బైకులను తారు మీద నడిపేవాళ్లు లేరా అని అడుగుతావు. ఉన్నారు. 1979లో అమెరికాలో ఒక టీవీ కార్యక్రమం కోసం కొంత తారు, కొంత మట్టి ఉన్న ట్రాక్ మీద రకరకాల రేసర్లను పోటీకి దింపారు. సూపర్‌మోటో అనే పోటీ అలా పుట్టింది. ఇప్పటి సూపర్‌మోటో వాళ్లు తమ డర్ట్ బైకులకు ఏమి మార్చుకున్నారో చూడు. ముందు 21 అంగుళాల చక్రం తీసేసి 17 అంగుళాలది వేశారు, గుబ్బల టైర్లు మానేసి రోడ్డు రేసు టైర్లు తొడిగారు, ముందు బ్రేకు డిస్కు పెద్దది చేశారు, పొడుగాటి సస్పెన్షన్‌ను బిగించారు. ఇంజను, చట్రం తప్ప మిగిలింది తక్కువే.

ఇంజనుకూ రోడ్డు మీద సుఖం లేదు. మోటోక్రాస్ బండికి, అంటే మట్టి రేసుల డర్ట్ బైకుకు, రేడియేటర్ ఫ్యాను సాధారణంగా ఉండదు, సిగ్నల్ దగ్గర నిలబెడితే మరిగిపోతుంది. టూ స్ట్రోక్ అయితే నూనె పెట్రోలులోనే కలిసి లోపలికి పోవాలి. పెద్ద దిగుడులో యాక్సిలరేటర్ మూసేసి ఇంజను బిగింపు మీదే బండిని వదిలితే పెట్రోలూ చాలినంత పోదు, నూనే చాలినంత పోదు. పిస్టన్ పట్టేస్తే వెనక చక్రం అక్కడికక్కడే బిగుసుకుంటుంది.

ఒంటి మీది బట్టలను చూసి మోసపోకు. ఆ రంగురంగుల జెర్సీ గాలి ఆడటానికి నేసిన పల్చటి గుడ్డ. లోపలి ప్లాస్టిక్ కవచం రాయికి గుద్దుకుంటే కాపాడుతుంది, తారు మీద ఈడ్చుకుపోతే గుడ్డ ముందే చిరిగిపోతుంది. మట్టిలో పదిసార్లు పడి దులుపుకుని లేచినవాడికి తారు మీద పడటమంటే ఏమిటో తెలియదు.

చట్టం గురించి ఎక్కువ రాయను. నియమాలు దేశానికొక రకంగా ఉన్నా, రిజిస్ట్రేషన్, నంబరు ప్లేటు, ఇండికేటర్లు లేని బండిని బహిరంగ రోడ్డు మీద తిప్పనివ్వని దేశాలే ఎక్కువ. పోలీసుల సంగతి అటుంచు. నీ తప్పున్నా లేకున్నా ఎవరికైనా దెబ్బ తగిలితే బీమా వాళ్లు చేతులెత్తేస్తారు. అప్పుడు కట్టేది మీ నాన్న. నీ క్వాడ్ మడ్‌గార్డు మీద హెచ్చరిక స్టిక్కరు ఉంటుంది, దాన్నయినా ఒకసారి తీరిగ్గా చదువు.

మరి ఎలా వెళ్లాలి? ట్రాలీ మీద. డర్ట్ బైకయితే ముందు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగు గొట్టాలు, సుమారు సగం కుంగేలా రెండు పట్టీలతో చెరో వైపు లాగి కట్టాలి. పూర్తిగా కుంగదీస్తే దాని ఆయిలు సీళ్లు పోతాయి, అందుకే చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య చెక్కముక్క పెడతారు. క్వాడ్‌ను నాలుగు మూలలా కట్టి, గేరులో ఉంచి, పార్కింగ్ బ్రేకు వేసి, పెట్రోలు కుళాయి కట్టెయ్యి. కొంత దూరం పోయాక ఆపి పట్టీలు మళ్లీ లాగి చూడాలి, మొదటి పది నిమిషాల్లోనే అవి వదులవుతాయి.

దారి మధ్యలో రోడ్డు దాటక తప్పకపోతే, రెండువైపులా దూరం దాకా కనిపించే చోటు చూసుకో. పూర్తిగా ఆగి, అడ్డంగా తిన్నగా, ఒకరి తర్వాత ఒకరు దాటండి. రోడ్డు వెంబడి పోవద్దు. వెనకాల ఎవరినీ ఎక్కించుకోవద్దు, ఆ సీటు పొడుగ్గా ఉన్నది నువ్వు ముందుకూ వెనక్కూ జరగడానికి. నీ స్నేహితుడి బండి మహా అయితే నూట పది కిలోలు, దిగి తోసుకుంటే అరిగిపోయేదేమీ లేదు. రోడ్డూ మట్టీ రెండూ కావాలని వాడికి ఉంటే ఆ బండి అమ్మేసి లైట్లు, నంబరు ప్లేటుతో వచ్చే డ్యూయల్ స్పోర్ట్ బండి కొనుక్కోమను. దానికీ రోడ్డు మీద తిరగడానికి ఆమోదం ఉన్న టైర్లే వేయించాలి.

ఆదివారం ట్రాలీ తీసుకుని వస్తున్నాను. పట్టీలు నా దగ్గర రెండు జతలున్నాయి, చెక్కముక్క నువ్వు చూసి ఉంచు. క్వాడ్ తాళం చెవి అప్పటిదాకా మీ అమ్మ పోపుల డబ్బాలో ఉంటుంది. వెతక్కు, నేనే పెట్టమన్నాను.

మీ మామయ్య