లంబసింగికి ఒక్క పూట చాలదమ్మా

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో పిల్లలిద్దరినీ, మా అత్తగారినీ తీసుకుని లంబసింగి వెళ్దామనుకుంటున్నాం. కారు లేదు. ఒక్క రోజులో చూసి వచ్చేయొచ్చా? అక్కడ నిజంగా మంచు కురుస్తుందా?
— ఒక గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: ముందు మంచు సంగతి చెప్తానమ్మా, చాలామంది పిల్లలు నిరాశపడేది అక్కడే. మనం అన్నింటినీ మంచు అనే అంటాం. సిమ్లాలో పడేదీ మంచే, తెల్లవారుజామున కృష్ణ కరకట్ట మీద కమ్మేదీ మంచే. లంబసింగిలో మీరు చూసేది కరకట్ట మీది మంచు లాంటిదే, కాకపోతే పదింతలు చిక్కగా ఉంటుంది. బాగా చలి పడిన రోజుల్లో గడ్డి మీద, ఆరుబయట పెట్టిన బండి సీట్ల మీద తెల్లగా పలుచటి పొర కడుతుంది. వేలితో గీస్తే మెత్తని ఉప్పులా రాలుతుంది. అంతకు మించి ఆకాశం నుంచి ఏమీ కురవదు. ఈ మాట పిల్లలకు ఇంట్లోనే చెప్పి తీసుకెళ్లండి.

చలి మాత్రం అబద్ధం కాదు. ఊరు సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడివాళ్లు దీన్ని కొర్రబయలు అంటారు. రాత్రి బయట ఉన్నవాడు కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. లంబసింగి ఉన్నది చింతపల్లి మండలంలోనే. డిసెంబరు, జనవరి నెలల్లో చింతపల్లి ఉష్ణోగ్రత అని పేపర్లో వేస్తారు చూడండి, అది అక్కడి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో కొలిచింది. ఆ కేంద్రాన్ని నడిపేది మన గుంటూరు లాంలో ఉన్న ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమే.

నేను చింతపల్లి మండలంలో ఒక ఆశ్రమ పాఠశాలలో, అంటే గిరిజన పిల్లలు ఉండి చదువుకునే బడిలో, మూడేళ్లు టీచరుగా పనిచేశాను. చలికాలం పొద్దున కొబ్బరినూనె డబ్బా రాయిలా ఉండేది. వంటమనిషి దాన్ని పొయ్యి గట్టు మీద పెట్టేది. అది కరిగేదాకా ఆడపిల్లలు జుట్లు విరబోసుకుని, పొయ్యి చుట్టూ చేతులు చాపుకుని కూర్చునేవాళ్లు. నూనె కరిగాకే జడలు, జడలయ్యాకే ప్రార్థన. ఆ నెలన్నర బడి గంట ఎప్పుడూ ఆలస్యంగానే మోగేది.

ఇక ఒక్క రోజు ప్రయాణం వద్దు. పొద్దున విజయవాడలో రత్నాచల్ రైలెక్కి తునిలోగానీ అనకాపల్లిలోగానీ దిగి, బస్సులో నర్సీపట్నం చేరి, అక్కడ చింతపల్లి బస్సు పట్టుకుని లంబసింగిలో దిగేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆ వేళకు అక్కడ ఉండేది రోడ్డు పక్కన టీ దుకాణాలు, ఎండ. ‘ఇంతేనా’ అనుకుంటూ తిరుగు బస్సు ఎక్కేస్తారు. రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల వేడి పోగొట్టుకుని చల్లబడుతుంది. చల్లగాలి బరువు కాబట్టి లోయలోకి దిగుతుంది, అక్కడే మంచు కడుతుంది. ఎండెక్కితే విడిపోతుంది. మీరు చూడాల్సిందంతా తెల్లవారుజాము అయిదు నుంచి ఎనిమిది లోపే. కనీసం రెండు రాత్రులు ఉండండి. మొదటి పొద్దు మంచు పడకపోయినా రెండోది మిగిలి ఉంటుంది.

ఒక జాగ్రత్త. నర్సీపట్నం రోడ్ అనే స్టేషన్ నర్సీపట్నం ఊళ్లో లేదు, చాలా దూరం. పేరు చూసి టికెట్ తీయించుకుని, సామాన్లతో అక్కడ దిగి టెన్షన్ పడినవాళ్లు నాకు తెలుసు.

నర్సీపట్నం నుంచి పైకి సుమారు 30 కిలోమీటర్లు, అందులో ఎక్కువ ఘాటే. అత్తగారికి ముందు సీటు పట్టండి, బస్సెక్కే ముందు కడుపు నిండా టిఫిన్ పెట్టకండి. మలుపులు తిరిగేటప్పుడు పిల్లలకు ఈ కొండల కథ చెప్పండి. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఈ మన్యంలో రోడ్లు వేయడానికి గిరిజనులను బలవంతంగా పనిలోకి దించారు, చాలీచాలని కూలి ఇచ్చారు. అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటుకు అదొక ముఖ్య కారణం. 1922 ఆగస్టు 22న ఆయన దళం మొదట కొట్టింది చింతపల్లి పోలీస్ స్టేషన్‌నే. పుస్తకంలో చదివిన పిల్లలకు ఆ ఊరి పేరు బస్సు బోర్డు మీద కనిపిస్తే ఒళ్లు పులకరిస్తుంది, చూడండి.

పైన చెరువుల వేనం అనే కొండ తప్పక చూడాలి. చీకటితోనే ఎక్కితే మేఘాలు కాళ్ల కింద పరుచుకుని ఉంటాయి. చివర్లో నడక ఉంది కాబట్టి పెద్దావిడను కింద టీ కొట్టు దగ్గర మంట పక్కన కూర్చోబెట్టండి. తాజంగి జలాశయం దగ్గర్లోనే ఉంది, అక్కడ ఆవిడకీ శ్రమ ఉండదు. కొత్తపల్లి జలపాతం చింతపల్లి నుంచి పాడేరు వైపు, జి.మాడుగుల మండలంలో వస్తుంది. నీళ్లు మెట్లు మెట్లుగా దిగుతాయి, పిల్లలకు చాలా నచ్చుతుంది. కానీ తడిసిన రాళ్ల మీద నాచు ఉంటుంది, చెయ్యి వదలకండి. పండగ రోజుల్లో గదులు దొరకవు, ముందే మాట్లాడుకోండి. దోమల మందు, నిండు చేతుల చొక్కాలు పెట్టుకోండి. ఇంటికొచ్చాక ఎవరికైనా జ్వరం వస్తే, ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. మలేరియా పరీక్ష రాస్తారు.

ప్రశ్న: మా ఫ్రెండ్స్ నలుగురం లంబసింగి వైపు వలిసె పూల తోటలో ఫొటోలు దిగుతుంటే ఒకావిడ వచ్చి మనిషికి ఇరవై రూపాయలు అడిగింది. పూలు చూసినందుకు కూడా డబ్బులివ్వాలా మేడమ్?
— డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: ఇవ్వాలి బాబూ. అడగకముందే ఇవ్వాలి.

నువ్వు తోట అన్నావు, అది తోట కాదు, పొలం. వలిసె నూనెగింజ పంట. ఆ పసుపు పువ్వు ఎండి, లోపల సన్నని నల్ల గింజలు తయారైతేనే వాళ్ల చేతికి నాలుగు రూపాయలు వస్తాయి. వర్షాధారంగా పండే మెట్ట పంట, అది పోతే మళ్లీ వేయడానికి నీళ్లుండవు. నా దగ్గర చదివిన ఒక పిల్ల వాళ్లది ఇలాగే రోడ్డు పక్క పొలం చెక్క. మొన్నీమధ్య నవంబరులో ఆ పిల్లను చూడటానికి వెళ్లాను. అంతకు ముందురోజు ఆదివారం. చేను నడిమధ్యకు పశువులు తొక్కినట్టు నాలుగు దారులు పడి ఉన్నాయి. వాళ్లమ్మ వంగి, పడిపోయిన మొక్కల్ని ఒక్కొక్కటే లేపి పక్క మొక్కకు ఆనించి నిలబెడుతోంది. కొన్ని నిలబడ్డాయి, చాలావరకు మళ్లీ ఒరిగిపోయాయి. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. నాకు కళ్లు తిరిగినంత కోపం వచ్చింది.

మీ ఇంట్లో వరి చేనుంటే, ఈనిన చేలో తెలియనివాళ్లు దిగితే మీ నాన్న ఊరుకుంటారా? గట్టు మీద నిలబడి కూడా మంచి ఫొటో వస్తుంది. డబ్బులిచ్చాక కూడా లోపలికి దిగవద్దు. ఆ ఊళ్లో ముసలమ్మల ముక్కుపుడకలు, పచ్చబొట్లు బాగున్నాయి కదా అని, అడగకుండా ఫోన్ ఎత్తకండి. ‘తీసుకోమంటావా అమ్మా’ అని అడిగితే, ఒప్పుకునేవాళ్లు ఒప్పుకుంటారు. ఇంకో సంగతి, సీసాలు కొండ మీద పగలగొట్టేవాళ్లు మీ గుంపులో ఉంటే వాళ్లను వదిలేసి వెళ్లండి. మా బడి పిల్లల్లో సగంమంది చెప్పుల్లేకుండానే ఆ దారిన కట్టెలకు వెళ్లేవాళ్లు. వాళ్ల పాదాల్లోంచి గాజు పెంకులు తీసింది నేనే.

ప్రశ్న: బొంగు చికెన్ ఇంట్లో గ్యాస్ స్టవ్ మీద చేసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, తాడేపల్లి

జవాబు: కుదరదండీ. దానికి పచ్చి బొంగు కావాలి, నిప్పులు కావాలి. మసాలా పట్టించిన కోడిని బొంగులో కూరి, మూతికి ఆకులు బిగిస్తారు. చుక్క నూనె వేయరు, పచ్చి వెదురులోని తడితోనే ముక్క ఉడుకుతుంది. ఎండు బొంగైతే కోడి కంటే ముందు అదే కాలిపోతుంది. అక్కడికి వెళ్లినప్పుడే తినండి. ఆర్డరిచ్చి వేరే చోట తిరిగి రాకుండా పొయ్యి దగ్గరే నిలబడండి. బొంగు పైన నల్లబడ్డాక మూతి దగ్గర ఆకుల సందుల్లోంచి ఆవిరి వస్తుంది. ఆ వాసనకే సగం ఆకలి తీరుతుంది.