తెల్లారేసరికి కోడిపిల్లలు చస్తున్నాయా? సీఆర్‌డీ కాదు, ముందు గ్యాస్ హీటర్ ఆపండి

ప్రశ్న: మాది హిందూపురం. బెంగళూరు దగ్గర హెసరఘట్ట వైపు షెడ్డు లీజుకు తీసుకుని బ్రాయిలర్లు వేస్తున్నాం. ఈ బ్యాచ్ 5,000 పిల్లలు, నేటికి అయిదో రోజు. మూడో రోజు నుంచి రోజూ పొద్దున చూస్తే 50, 60 చచ్చి ఉంటున్నాయి, కొన్ని నోరు తెరిచి ఎగరొప్పుతున్నాయి. పరదాలు ఎత్తాక మిగతావి మామూలుగానే తింటున్నాయి. డీలరు సీఆర్‌డీ (కోళ్లకు వచ్చే దీర్ఘకాలిక శ్వాస జబ్బు) అని ఎన్రోఫ్లాక్సాసిన్, టైలోసిన్ అనే యాంటీబయాటిక్‌లు, లివర్ టానిక్ ఇచ్చాడు, తగ్గలేదు. చలికి భయపడి ఈసారి పీణ్యలో ఒక ఫ్యాక్టరీ ఖాళీ చేస్తుంటే అక్కడి ఫ్యాను ఉన్న పెద్ద గ్యాస్ హీటర్ సెకండ్ హ్యాండ్‌లో కొని దూలానికి వేలాడదీయించాం. వేడి బాగా వస్తోంది. రాత్రికి ఒకటిన్నర కమర్షియల్ సిలిండర్ అవుతోంది. సిలిండర్ మీద మంచు కడుతుంటే వేడినీళ్ల బకెట్లో పెడుతున్నాం. మందు డోసు పెంచాలా? రాత్రి షెడ్డులో కాపలా పడుకునే మా అన్న కొడుక్కి కూడా పొద్దున్నే తలనొప్పి, వాంతులు. కోళ్ల జబ్బు మనుషులకు అంటుతుందా?

జవాబు: మీరు చివర్లో రాసిన మాటే మొదట రాయాల్సింది. ఈ రాత్రి నుంచి ఆ అబ్బాయి షెడ్డులో పడుకోకూడదు, ఒక్క గంట కూడా. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లి "మూసిన షెడ్డులో గ్యాస్ హీటర్ పక్కన పడుకున్నాడు, కార్బన్ మోనాక్సైడ్ అనుమానం" అని డాక్టరుకు ఇదే మాట చెప్పండి. తలనొప్పి అని మాత్రమే చెబితే మాత్ర రాసి పంపేస్తారు. అది సరిగా మండని మంట వదిలే విషవాయువు. రక్తంలో ఆ గ్యాస్ ఎంత ఉందో చూసే పరీక్ష ఉంది, అయితే బయటి గాలి పీల్చేకొద్దీ ఆ అంకె పడిపోతుంది, అందుకే ఆలస్యం చేయొద్దు. ఎప్పుడైనా షెడ్డులో మనిషి లేవకుండా పడి ఉంటే ముందు తలుపులు, పరదాలు తీసేయండి, మనిషిని బయటికి లాగండి, 108కి ఫోన్ చేయండి. ఏమైందో చూద్దామని లోపల నిలబడితే రెండో మనిషీ పడిపోతాడు.

కోళ్ల జబ్బు అతనికి అంటలేదు. కోడిపిల్లలకూ మనిషికీ ఒకే గాలి అంటింది.

మీకు ఫోన్ చేసి రెండే అడిగాను. పొగ గొట్టం పెట్టారా అంటే, ఫిట్టరు "గొట్టం పెడితే వేడంతా బయటికి పోతుంది" అని వదిలేశాడన్నారు. మంట ఏ రంగు అంటే, పసుపు, పెద్దగా వస్తోంది, పైన టార్పాలిన్ నల్లబడింది అన్నారు. ఈ రెండూ విన్నాక నాకు సీఆర్‌డీ గుర్తు కూడా రాలేదు. సీఆర్‌డీ తెచ్చే మైకోప్లాస్మా గురకతో, తుమ్ములతో మెల్లగా లాగుతుంది. అయిదో రోజు పిల్లల్ని రాత్రికి అరవై చొప్పున చంపి, పరదా ఎత్తగానే తగ్గిపోయే జబ్బు కాదది. నేల మీద పరిచిన ఊక బూజు పట్టి ఉంటే వచ్చే బ్రూడర్ న్యుమోనియాలో కూడా ఈ వయసు పిల్లలు నోరు తెరుస్తాయి, కానీ అది పగలూ రాత్రీ ఒకేలా ఉంటుంది, కోసి చూస్తే ఊపిరితిత్తుల్లో తెల్లగా, పసుపుగా చిన్న గింజలు కనిపిస్తాయి. మీరు చనిపోయిన పిల్లను ఒకదాన్ని కోసి చూడండి. రక్తం, రొమ్ము కండ మామూలు కంటే బాగా ఎర్రగా, గులాబీ రంగులో మెరుస్తుంటే అది కార్బన్ మోనాక్సైడ్ గుర్తు. ఈ గ్యాస్‌కు రంగు లేదు, వాసన లేదు, రక్తాన్ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

మీరు కొన్న హీటరు ఫ్యాక్టరీల్లో వాడే యూనిట్ హీటర్. దాంట్లో మంట ఒక రేకు గదిలో మండుతుంది, ఫ్యాను ఆ రేకు మీదుగా గాలిని తోస్తుంది, మండిన పొగ గొట్టం గుండా బయటికి పోవాలి. దాని తయారీయే అలా. గొట్టం తీసేస్తే అది హీటరు కాదు, షెడ్డులో పొగ నింపే పొయ్యి. పైగా పీణ్యలో అది ఏ గ్యాస్ మీద నడిచిందో అడిగారా? బెంగళూరులో పైపులైన్ గ్యాస్ వాడే ఫ్యాక్టరీలు ఉన్నాయి. పైపులో వచ్చేది సహజ వాయువు, సిలిండర్‌లోది ఎల్‌పీజీ, రెండూ ఒకటి కాదు. ఎల్‌పీజీకి జెట్ (మంటకు గ్యాస్ వదిలే ముక్కు) రంధ్రం చిన్నదిగా ఉండాలి. పాత జెట్లతోనే సిలిండర్ తగిలిస్తే అవసరానికి మించి గ్యాస్ వస్తుంది, గాలి చాలదు, మంట పసుపు అవుతుంది, మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. "వేడి బాగా వస్తోంది" అని మీరు సంతోషపడింది ఈ పసుపు మంట చూసే.

ఇక లెక్క చూద్దాం. కిలో ఎల్‌పీజీ మండడానికి మన బెంగళూరు ఎత్తులో సుమారు 14, 15 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఒకటిన్నర సిలిండర్ అంటే 28 కిలోలు, అంటే దాదాపు 400 ఘనపు మీటర్లు. మీరు బ్రూడింగ్‌కు, అంటే చిన్న పిల్లల్ని వెచ్చగా ఉంచడానికి, పరదాలు కట్టిన చోటు 60 అడుగుల పొడవు, 30 వెడల్పు, టార్పాలిన్ సీలింగు 8 అడుగుల ఎత్తులో, అంటే అదీ దాదాపు 400 ఘనపు మీటర్లే. ఒక్క రాత్రిలో ఆ గదిలోని గాలి మొత్తం ఒకసారి మంటలోంచి పోతోంది, ఆ మండిన గాలినే 5,000 పిల్లలు, ఒక మనిషి పీలుస్తున్నారు. ఇంకోటి, కిలో ఎల్‌పీజీ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి వస్తుంది. రాత్రికి 45 లీటర్ల నీళ్లు మీరే ఊక మీద చల్లినట్టు. ఆ తడికి అమ్మోనియా లేస్తుంది, పిల్లల కళ్లు మండుతాయి, దానికి మళ్లీ డీలరు ఇంకో సీసా ఇస్తాడు.

పోయిన చలికాలం బ్యాచ్‌లో నాలుగైదు వారాలకు పొట్టలో నీళ్లు చేరి చచ్చాయని ఫోన్లో అన్నారు కదా, అదీ ఇలాగే మొదలై ఉంటుంది. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ గాలి చెన్నై గాలి కంటే దాదాపు పదో వంతు పలచన. త్వరగా పెరిగే బ్రాయిలర్ గుండెకు అసలే కష్టం, చిన్నప్పుడు ఊపిరాడని షెడ్డులో ఉంచితే ఆ కష్టం నీటిపొట్టగా బయటపడుతుంది. దానికి లివర్ టానిక్ ఏం చేస్తుంది? జబ్బు లివర్‌లో మొదలవలేదు.

ఈ రాత్రి చేయాల్సింది: హీటరు ఆపేయండి. సిలిండర్ వాల్వు దగ్గరే ఆపాలి, స్విచ్ దగ్గర కాదు. పరదాలు కింద మూసే ఉంచండి, పైన రెండు వైపులా అడుగు మేర తెరవండి, టార్పాలిన్ సీలింగులో కూడా దానికి సరిపడా సందు వదలండి. చలిగాలి పిల్లల మీద నేరుగా పడదు, మండిన గాలి పైనుంచి పోతుంది. వేడికి కరెంటు బల్బులు పెట్టండి, పిల్లకు 2 వాట్ల లెక్కన, అంటే మీకు మొత్తం 10 కిలోవాట్లు. లైను అంత లోడు తట్టుకుంటుందో లేదో ముందు ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, జనరేటర్ కూడా పెట్టుకోండి. చిక్ గార్డులతో (పిల్లల చుట్టూ పెట్టే పొట్టి కంచెలతో) గుంపులు చేసి, ఒక్కో 100 వాట్ల బల్బు కింద 50 పిల్లలు ఉండేలా చూడండి. పిల్లల వీపు ఎత్తులో 32 డిగ్రీలు ఉంటే చాలు, ఏడో రోజుకు 30, పద్నాలుగో రోజుకు 27, ఇరవై ఒకటో రోజుకు 24. పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి, బల్బుకు దూరంగా గోడకు అంటుకుంటే వేడి ఎక్కువ, పరదా సందు దగ్గర ముక్కులు పెట్టి గుమిగూడితే గాలి లేదు. బల్బులు చాలక బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి, అది ఇంకా ఎక్కువ కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. చాలామంది గ్యాస్ ఆపి కుంపటి పెట్టి ఇదే తప్పు మళ్లీ చేస్తారు.

హీటరు వాడాలనే ఉంటే ఈ పనులన్నీ అయ్యాకే. పొగ గొట్టం హీటరు మూతి ఎంత వెడల్పో అంతే ఉండాలి, ఎక్కడా సన్నం చేయకూడదు, అడ్డంగా పోయే ప్రతి అడుగుకు పావు అంగుళం చొప్పున పైకి లేవాలి, కప్పు దాటి కనీసం 2 అడుగులు పైకి పోవాలి, పైన వాన టోపీ. జెట్లు ఎల్‌పీజీవి మార్పించండి, ఆ కంపెనీ కిట్టుతోనే, ఫిట్టరు డ్రిల్లుతో కాదు. రేకు గదికి పగులు, తుప్పు రంధ్రం ఉందేమో చూపించండి, ఉంటే ఆ హీటరు పాత ఇనుము కింద అమ్మేయండి, అతుకు వేయించొద్దు. షెడ్డు కడిగాక బ్లీచింగ్ వాసన పూర్తిగా పోయేదాకా హీటరు వెలిగించకూడదు, క్లోరిన్ ఆవిరి మంటలో పడితే ఆమ్లంగా మారి ఆ రేకును తినేస్తుంది. ఎక్కించే ఎత్తు నేల నుంచి 8 అడుగులు, గోనెలకు, టార్పాలిన్‌కు చుట్టూ కనీసం 3 అడుగుల దూరం. మీ సీలింగు 8 అడుగుల ఎత్తులోనే ఉంది కాబట్టి హీటరు ఉన్న చోట ఆ టార్పాలిన్ తీసేయాల్సిందే. వేలాడదీసిన కడ్డీలు ఇనుపవి కావాలి, తాళ్లు కాదు.

గాలి లోపలికి రావడానికి అడుగుకు అడుగు చొప్పున రెండు కిటికీలు, ఒకటి నేలకు దగ్గరగా, ఒకటి పైన, ఎప్పుడూ మూయనివి. కిందది ఎందుకంటే ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది, అక్కడినుంచి పోవాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి, గాలి వచ్చే దారి మూసేస్తే గొట్టంలోంచి పొగ వెనక్కి లోపలికే వస్తుంది, ఇది చాలామందికి తెలియదు.

సిలిండర్ మీద మంచు కట్టడం అంటే ఒక్క సిలిండర్ నుంచి అది ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ గ్యాస్ లాగుతున్నారని. మీరు గంటకు రెండు కిలోల పైన లాగుతున్నారు. నాలుగు సిలిండర్లు వరుసగా కలిపి నడపాలి, వేడినీళ్ల బకెట్ తీసేయండి. సిలిండర్లు షెడ్డు బయట, నీడలో, నిలువుగా, గొలుసుతో కట్టి, పక్కన గుంట, కాలువ లేని చోట. మొత్తం 100 కిలోలు దాటి నిల్వ పెట్టాలంటే లైసెన్సు కావాలి, అంటే నిండినవి 19 కిలోలవి అయిదు మించకుండా చూసుకోండి. సిలిండర్ దగ్గర ఉండే హై ప్రెషర్ రెగ్యులేటర్ నుంచి నేరుగా హీటరుకు ఇవ్వకూడదు, మధ్యలో రెండో రెగ్యులేటర్ పెట్టి 30 మిల్లీబార్లకు దించాలి, లేదంటే హీటరు వాల్వు పాడై గ్యాస్ ఆగదు. రబ్బరు పైపు ఐఎస్ 9573 ముద్ర ఉన్నదే. ప్రతి అతుకు దగ్గర సబ్బు నురగ పూసి చూడండి, అగ్గిపుల్లతో కాదు. మంట ఆరితే గ్యాస్ తనంతట ఆగిపోయే ఏర్పాటు పనిచేస్తుందో లేదో మీ కళ్ల ముందే ఆర్పి చూపించమనండి. వెలిగించే ముందు నేల దగ్గర వంగి వాసన చూడాలి, ఒకసారి వెలగకపోతే ఆపి 5 నిమిషాలు ఆగాలి.

కార్బన్ మోనాక్సైడ్ మీటర్ రెండు కొనండి, ఒకటి పిల్లల ఎత్తులో, ఒకటి మనిషి ముక్కు ఎత్తులో. పిల్లలకు 10 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో పది) లోపు ఉండాలి. 35 చూపిస్తే హీటరు ఆపి, పరదాలు తెరిచి, అందరూ బయటికి. దేవనహళ్లి వైపు ఇలాంటి షెడ్డుకే ఒకసారి మీటరు పట్టుకుని వెళ్లాను, తలుపు దాటి పది అడుగులు వేయకముందే మీటరు 90 దాటింది, లోపల ఒక ముసలాయన ఊక చదును చేస్తూ "చలికి తల పట్టేసింది సార్" అన్నాడు. అందుకే మీ ఉత్తరంలో తలనొప్పి అన్న మాట చూడగానే ఫోన్ చేశాను.

మందుల సంగతి. ఎన్రోఫ్లాక్సాసిన్, టైలోసిన్ రెండూ ఆపండి, డోసు పెంచడం కాదు. మంచి నీళ్లలో ప్యాకెట్ మీద రాసిన కొలతకు ఎలక్ట్రోలైట్ కలిపి మూడు రోజులివ్వండి. డీలరు మీ షెడ్డులోకి రాలేదు, పొగ గొట్టం ఉందో లేదో చూడలేదు, ఒక్క పిల్లను కోయలేదు, మూడు సీసాలు మాత్రం ఇచ్చాడు. ఈసారి కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ కలిసిన మందు ఇస్తే అసలు తీసుకోకండి, తినే జంతువులకు అది 2019 నుంచి నిషేధం. నా అనుమానం పక్కా చేసుకోవడానికి రేపు పొద్దున్నే అప్పుడే చనిపోయినవి నాలుగు, జబ్బుగా ఉండి బతికున్నవి నాలుగు, చచ్చినవి ఐసులో పెట్టి, గడ్డకట్టనీయకుండా, హెబ్బాళలోని పశు ఆరోగ్య సంస్థ ల్యాబుకు తీసుకెళ్లండి, హెసరఘట్ట నుంచి పెద్ద దూరం కాదు. ఊక కూడా ఒక కవరులో పట్టుకెళ్లండి, బూజు సంగతి తేలిపోతుంది. లసోటా (కొక్కెర తెగులు) టీకా రేపు వేయొద్దు, రెండు రోజులు పిల్లలు కుదురుకున్నాక ఏడో రోజు వేయండి.

అబ్బాయి పరీక్షలో ఏం వచ్చిందో నాకు రేపే ఫోన్ చేసి చెప్పండి.