‘స్టేజ్‌కోచ్’ (1939) వెస్టర్న్ (కౌబాయ్) సినిమాను ఎలా మార్చింది? జాన్ వేన్ మొదటి సినిమా ఇదేనా?

మొదటిది కాదు. వేన్ 1930లోనే ‘ది బిగ్ ట్రైల్’లో హీరోగా చేశాడు, అది ఆడలేదు. తర్వాత తొమ్మిదేళ్లు ఎక్కువగా చిన్న బడ్జెట్ వెస్టర్న్‌లతోనే గడిపాడు. ‘స్టేజ్‌కోచ్’కు నిర్మాత సెల్జ్‌నిక్ అప్పటి స్టార్ గ్యారీ కూపర్ కావాలన్నా, దర్శకుడు జాన్ ఫోర్డ్ వేన్‌ను వదల్లేదు. చివరికి వాల్టర్ వాంగర్ నిర్మించాడు. టైటిల్స్‌లో మొదటి పేరు మాత్రం నటి క్లెయిర్ ట్రెవర్‌దే.

వేన్ కనిపించే తొలి షాట్ ఆగి చూడండి. రైఫిల్‌ను ఒంటిచేత్తో గిర్రున తిప్పి, ప్రయాణికుల గుర్రపు బండిని (అదే స్టేజ్‌కోచ్) ఆపుతాడు. కెమెరా అతని ముఖం దాకా దూసుకెళ్తుంది. ఆ వేగానికి ఒక్క క్షణం ఫోకస్ తప్పినా ఫోర్డ్ దాన్నే ఉంచాడు. హీరో ఎంట్రీ అంటే ఇలా ఉండాలి!

అప్పటికి స్టూడియోలు వెస్టర్న్‌లను చాలావరకు చవక సరుకుగానే చూసేవి. ఫోర్డ్ ఒకే బండిలో వేశ్యను, తాగుబోతు డాక్టరును, సొమ్ము కాజేసిన బ్యాంకరును, నిండు గర్భిణిని ఎక్కించి, అసలు మర్యాదస్తులెవరని అడిగాడు. ఈ జానర్‌కు గంభీరమైన కథ చెప్పే బలం ఉందని అందరికీ తెలిసింది. అమెరికాలోని ఎడారి ప్రాంతం మాన్యుమెంట్ వ్యాలీలో ఫోర్డ్ తీసిన మొదటి సినిమా కూడా ఇదే. తర్వాత ఆ ఎర్రరాతి గుట్టలే వెస్టర్న్‌కు చిరునామా అయ్యాయి.

పరిగెత్తే గుర్రాల మధ్య పడిపోయి, బండి తన మీదుగా వెళ్లేలా స్టంట్‌మ్యాన్ యాకిమా కానట్ చేసిన ఫీట్‌ను స్టంట్ మాస్టర్లు ఇప్పటికీ పాఠంలా చూస్తారు. డాక్టరుగా చేసిన థామస్ మిచెల్‌కు సహాయ నటుడి ఆస్కార్ వచ్చింది.

సినిమాలో పెద్ద లోపం, బండిపై దాడి చేసే అమెరికా ఆదివాసీలైన అపాచీల చిత్రణ. దాడికి వాళ్ల కారణాలేవీ చెప్పరు, వాళ్లు దాడి చేసే గుంపు మాత్రమే. తర్వాతి వెస్టర్న్‌లు ఎన్నో ఆ అలవాటునూ మోసుకెళ్లాయి.