రెండు తెల్లవారుజాములు, రెండు సాయంత్రాలు

ప్రశ్న: మాది ఖమ్మం. నేను ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. మా వారు ప్రైవేటు పాఠశాలలో లెక్కల మాస్టారు. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు అయిదు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మా ఇంట్లో ఇంతవరకు ఎవరమూ సముద్రం చూడలేదు. పోయిన ఏడాది ఒక పాత కారు కొనుక్కున్నాం. మే నెలలో పిల్లలకు సముద్రం చూపించాలని పన్నెండు వేలు కూడబెట్టాను. బంధువులు విశాఖపట్నం వెళ్లమంటున్నారు, మా వారి స్నేహితులు గోవా అంటున్నారు. ఈ డబ్బుతో ఎక్కడికి వెళ్లి రావచ్చో చెప్పగలరా?
ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, పన్నెండు వేలు చాలు. అయిదుగురూ రెండు రాత్రులు ఉండి రావచ్చు. అయితే ఆ డబ్బు రోడ్డు పాలు కాకుండా చూసుకోవాలి. గోవా మాట ఇప్పటికి పక్కన పెట్టండి. విశాఖ అందమైన ఊరే, కాదనను. కానీ మీకు బాపట్ల ఎంత దూరమో విశాఖ దానికి దాదాపు రెట్టింపు. పోవడానికి ఒక పగలు, రావడానికి ఒక పగలు కారులోనే గడిచిపోతాయి. మోకాళ్లు నొప్పులు పెట్టే పెద్దావిడకూ, అయిదేళ్ల పాపకూ అంతసేపు ముడుచుకుని కూర్చోవడం కష్టం.

నేను చీరాలలో పుట్టి పెరిగాను. మాకు సముద్రం అంటే వాడరేవు. ఎండాకాలంలో నాన్న తెల్లవారకముందే మమ్మల్ని లేపి సైకిలు మీద తీసుకువెళ్లేవారు, ఎనిమిది కొట్టేసరికి ఇంటికి తెచ్చేసేవారు. ఎందుకంత తొందర అని అప్పట్లో ఉక్రోషంగా ఉండేది. నా పిల్లలను తీసుకువెళ్లినప్పుడు తెలిసింది. మే నెలలో ఒడ్డున మనకు దక్కేది రోజుకు నాలుగైదు గంటలే. పొద్దున అయిదున్నర నుంచి ఎనిమిది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడే దాకా. మధ్యలో ఆ ఇసుక మీద చెప్పులు లేకుండా పది అడుగులు వేయలేం. అందుకని ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: ఒడ్డున ఎన్ని తెల్లవారుజాములు, ఎన్ని సాయంత్రాలు దొరుకుతాయో ముందు లెక్క వేసుకోండి, ఊరి పేరు తరువాత చూసుకోవచ్చు. మూడు రోజుల్లో కారులో విశాఖ వెళ్లి వస్తే, అలసిపోయిన ఒక సాయంత్రం, తీరిగ్గా గడిపే ఒక రోజు మిగులుతాయి. మూడో రోజు సూర్యోదయానికి మీరు సామాను సర్దుకుంటూ ఉంటారు.

మీకు అందుబాటులో ఉన్నవి ముఖ్యంగా రెండు. ఒకటి మచిలీపట్నం దగ్గరి మంగినపూడి. విజయవాడ నుంచి మచిలీపట్నం 70 కిలోమీటర్లు, అక్కడి నుంచి బీచ్ మరో పదకొండు. నీళ్లు చాలా దూరం లోతు లేకుండా ఉంటాయి, కానీ అడుగున నల్లమట్టి ఎక్కువ. మొదటిసారి సముద్రం చూసే పిల్లలకు ఇసుక కావాలి. గూళ్లు కట్టాలి, గుంతలు తవ్వాలి, కాళ్లు పూడ్చుకోవాలి. అందుకే నా ఓటు రెండోదానికి, బాపట్ల సూర్యలంకకు. బాపట్ల ఊరి నుంచి తొమ్మిది కిలోమీటర్లు. వెడల్పాటి ఇసుక తిన్నె, వెనకాల సరుగుడు చెట్లు. ఖమ్మం నుంచి విజయవాడ, గుంటూరు, పొన్నూరు మీదుగా సుమారు 220 కిలోమీటర్లు.

బయలుదేరేది సోమవారం గాని మంగళవారం గాని పెట్టుకోండి. శని, ఆదివారాల్లో చుట్టుపక్కల జిల్లాలన్నీ అక్కడే ఉంటాయి, గదుల అద్దె కూడా పెరుగుతుంది. ఒకసారి మేము ముందుగా మాట్లాడుకోకుండా ఆదివారం వెళ్లి, గది దొరక్క, కారులోనే పిల్లలకు పెరుగన్నం తినిపించి అదే రోజు తిరిగి వచ్చాం. మాస్టారికి మే నెలంతా సెలవులే కాబట్టి మీకు ఆ ఇబ్బంది ఉండదు. సూర్యలంక ఒడ్డున పర్యాటక శాఖ వారి హరిత రిసార్టు ఉంది. మీ డబ్బుకు బాపట్ల ఊళ్లో ఏసీ లాడ్జి మేలు. ఊళ్లోని లాడ్జీలు చాలావరకు 24 గంటల లెక్కన అద్దె తీసుకుంటాయి. ఫోను చేసినప్పుడే ఆ సంగతి అడగండి. ఇంటి నుంచి తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరితే పది, పదిన్నరకు గదిలో ఉంటారు. మూడో రోజు అదే వేళకు ఖాళీ చేస్తారు. రెండు రోజుల అద్దెకు రెండు సాయంత్రాలు, రెండు తెల్లవారుజాములు పూర్తిగా మీవే.

ఇక ఖర్చు. పోను రాను, ఊళ్లో తిరుగుళ్లు కలిపి 480 కిలోమీటర్లు అనుకుందాం. మీ పాత కారు లీటరుకు పదహారు ఇస్తే ముప్పై లీటర్లు. లీటరు 110 రూపాయలకు లెక్క కట్టినా 3,300. టోల్‌కు ఏడు వందలు తీసి పెట్టండి. గదికి రోజుకు రెండు వేలు దాటవద్దు, అక్కడికి నాలుగు వేలు. ఇవి ఎనిమిది వేలయ్యాయి. మిగిలిన నాలుగు వేలలో తిండికి రెండున్నర వేలు చాలు, ఎందుకంటే మొదటి రోజు మధ్యాహ్నానికి పులిహోర, పెరుగన్నం మీరు ఇంటి నుంచే తెస్తారు. తక్కిన పదిహేను వందలు ముట్టుకోకండి. పాత కారు, మండే రోడ్డు. బయలుదేరే ముందు టైర్లు, బెల్టు, కూలెంట్ చూపించి, స్టెప్నీలో గాలి ఉందో లేదో మాస్టారు తమ చేత్తోనే చూసుకోవాలి.

నీటి గురించి కాస్త విడమరచి చెబుతాను, దయచేసి ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. సూర్యలంకలోనూ, చీరాల పక్కన రామాపురంలోనూ ఈత బాగా వచ్చిన కుర్రవాళ్లు కూడా కొట్టుకుపోయారు. ఒడ్డుకు వచ్చిన అలల నీరు తిరిగి లోపలికి పోవాలి కదా. ఒక్కోచోట ఆ నీరంతా ఒక సన్నని పాయలా కలిసి వేగంగా లోపలికి లాగుతుంది. చూడడానికి అక్కడ అలలు విరగవు, నీరు పక్కల కంటే నిమ్మళంగా కనిపిస్తుంది. తెలియనివాళ్లు అక్కడే బాగుందని దిగుతారు. ఆ పాయలో పడితే ఒడ్డు వైపు ఈదకూడదు, బలం అయిపోతుంది. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. మీలో ఎవరికీ సముద్రం అలవాటు లేదు కాబట్టి మీకు హద్దు మోకాలి లోతు. మోకాలంటే బాబు మోకాలు. దిగే ముందు అక్కడి జాలర్లను గాని, కాపలా వాళ్లను గాని ఈ రోజు ఎక్కడ దిగవచ్చని అడగండి. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం పెద్ద అలలు వచ్చే రోజులకు హెచ్చరికలు ఇస్తుంది. బయలుదేరే ముందు రోజు ఫోనులో ఒకసారి చూసుకోండి. మే నెల తుపాన్లు కూడా మన తీరానికి కొత్త కాదు. 2010లో లైలా తుపాను మే 20న బాపట్ల దగ్గరే తీరం దాటింది. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడితే ప్రయాణం ఒక వారం వాయిదా వేయండి.

మీరు వెళ్లే రోజుల్లో పౌర్ణమి పడితే, ఆ సాయంత్రం ఇంకాసేపు ఉండండి. మన తూర్పు తీరాన చంద్రుడు నీళ్లలో నుంచే పైకి వస్తాడు. మీ అత్తగారు ఆ దృశ్యాన్ని మరచిపోరు. అయితే పౌర్ణమికి, అమావాస్యకు పోటు ఎక్కువ. ఆ వేళ ఒడ్డున కూర్చుని చూడడమే మంచిది.

అత్తగారికి ఒక ప్లాస్టిక్ కుర్చీ కారులో పెట్టుకోండి. పొడి ఇసుకలో అడుగు దిగబడుతుంది, మోకాళ్లకు అదే బాధ. ఇరువైపులా చేతులు పట్టుకుని ఆ కొంత దూరం దాటిస్తే, నీటి అంచున తడి ఇసుక గట్టిగా ఉంటుంది, ఆవిడ సునాయాసంగా నడవగలరు. అక్కడ కుర్చీ వేసి పాదాలు తడిసేలా కూర్చోబెట్టండి. పాప మొదటి అలకు భయపడి ఏడవవచ్చు. ఎత్తుకుని లోపలికి తీసుకువెళ్లకండి. మా చిన్నది అలాగే ఏడిస్తే మా అమ్మ దాన్ని తడి ఇసుక మీద నిలబెట్టి, వెనక్కి పోయే నీటిని చూడమంది. నీరు పోతున్నప్పుడు మడమల కింద ఇసుక జారిపోతుంది, పాదం చుట్టూ చిన్న గుంట పడుతుంది. ఎవరో కింద నుంచి చక్కిలిగింతలు పెట్టినట్టుంటుంది. మూడో అలకు అది నవ్వింది. పదో అలకు నా చేయి విడిపించుకుంది. అప్పుడే మనం రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి. పిల్లల వైపు చూస్తున్న పెద్దవాళ్ల చేతిలో ఫోను ఉండకూడదు.

మధ్యాహ్నాలు గదిలో నిద్రపోండి. ఒక మధ్యాహ్నం మాత్రం చీరాల దాటి వేటపాలెం వెళ్లండి. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడ ఉంది. 1929లో గాంధీజీ వచ్చిన చోటు. మాస్టారు పాత పత్రికలు చూస్తారు, బాబుకు కూడా చూపించండి. తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కోండి. వేటపాలెం జీడిపప్పుకు పేరు, ఇంటికి పావుకిలో కొనుక్కోవచ్చు. దారిలో తాటి ముంజలు అమ్ముతుంటారు. మే నెలలో ఒక రోజు ఆలస్యమైనా ముదిరిపోతాయి, కాబట్టి కాయ మీ ఎదుటే కొట్టించుకుని వేలితో నొక్కి చూసి తీసుకోండి.

ప్రశ్న: మేము హైదరాబాదులో ఉంటాం. ఇద్దరం ఉద్యోగులం, మూడు రోజులే సెలవు. కారులో విశాఖ వెళ్లాలా, చీరాల వైపు వెళ్లాలా?
ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: కారులోనే అయితే చీరాల, బాపట్ల. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రహదారి వదిలి నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేట మీదుగా రండి, విజయవాడ రద్దీ తప్పుతుంది. విశాఖ మీకు 600 కిలోమీటర్ల పైమాటే. అక్కడి రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, అంటే శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు. తప్పక చూడదగ్గదే. కానీ దానికి రాత్రి రైలెక్కండి. నిద్రలో దూరం తరిగిపోతుంది, అక్కడ ఆటోలో తిరగవచ్చు. వంతులవారీగానైనా ఇద్దరూ పన్నెండు గంటలు కారు నడిపి, మర్నాడు కళ్లు మండుతూ అలల ముందు కూర్చోవడం నాకు నచ్చదు.

ప్రశ్న: పోయిన మే నెలలో సముద్రం ఒడ్డున చేపల పులుసు తిన్నాం. ధర చూస్తే గుంటూరులోకంటే ఎక్కువ, చేప చూస్తే తాజాగా లేదు. ఒడ్డునే ఇలా ఎందుకుంటుంది? మమ్మల్ని మోసం చేశారా?
ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మోసమని అనలేను. తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. అంటే మన వేసవి సెలవులు, వాళ్ల వేట విరామం ఒకేసారి వస్తాయి. తెడ్డు వేసుకుని, తెరచాప కట్టుకుని వెళ్లే చిన్న పడవల వాళ్లు తెచ్చే కొద్దిపాటి చేపలే ఆ రోజుల్లో తాజావి. మిగతావి ఐసులో దాచినవో, చెరువు చేపలో అయి ఉంటాయి. ఆ రెండు నెలలూ జాలరి కుటుంబాలకు చేతిలో డబ్బు ఆడదు. అందుకని చిన్న పడవ ఒడ్డుకు చేరే వేళకు, పొద్దున ఏడింటికల్లా, వెళ్లి పడవ దగ్గరే కొనండి, బేరం మరీ గట్టిగా ఆడకండి. మొప్పలు ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బెత్తుగా మెరుస్తూ ఉండాలి. శుభ్రం చేసి వండి పెట్టే ఇళ్లు ఆ వీధిలోనే ఉంటాయి, అడిగితే చూపిస్తారు. పడవ రాని రోజున మామిడికాయ పప్పు, ఊరమిరపకాయలతో భోజనం చేసి రండి.